నటయశస్వి కీ. శే. సామర్ల వేంకట రంగారావు గారి కళాజీవితము – మన కర్తవ్యము

ఏటేట జరుగు మన మహాసభల సంచికలలో పూర్వుల చరిత్రమును గూర్చిన వ్యాసములు ప్రకటింపబడుట పరిపాటి. కోటలను రక్షించినవారిని, చెఱువులు త్రవ్వించినవారిని, సత్రములు నిలిపినవారిని, శాసనసభలయందు వాదించినవారిని మనము స్మరించుచుంటిమి. అది యుచితమే. కాని ముఖమునకు రంగు పూసికొని, పరుల మాటలను తన మాటలుగ పలికి, లక్షలాది జనులను నవ్వించి, భయపెట్టి, కంట తడి పెట్టించిన నటుని జీవితమును చరిత్రముగ నెంచి వ్రాయుటకు మనకు చిరకాలము చేయి రాలేదు. నటుడు వినోదమునకే గాని చరిత్రమునకు పనికిరాడని మన పెద్దలు తలంచిరి కాబోలు. ఆ లోపమును కొంతవఱకైన తీర్చుటకే యీ చిన్న ప్రయత్నము.

శ్రీ రంగారావు గారిని “మనవాడు” అని చెప్పుకొనునప్పుడు మన గొంతులో నొక గర్వము పలుకును. ఆ గర్వమునకు మన మెంతవఱకు అర్హులమో కూడ విచారించుట ధర్మము. కావున ముందు వారి జీవితమును సంగ్రహముగ చెప్పి, పిదప ఆ ప్రశ్నను సభవారి ముందుంచెదను.

జననము – విద్య

శ్రీ సామర్ల వేంకట రంగారావు గారు 1918 సం॥ జూలై 3వ తేదీన నాటి కృష్ణా మండలములోని నూజివీడున జన్మించిరి. వారి తాతగారు కోటయ్య నాయుడు గారు ఆ పట్టణమున శస్త్రవైద్యులుగ పేరు గాంచిరి. తండ్రి కోటేశ్వరరావు గారు ఎక్సైజు శాఖలో నుద్యోగి. ఇట్లు విద్యయు, సర్కారు కొలువును ఎఱిగిన కుటుంబమున బుట్టిన బాలునకు పెద్దలు ఏ మార్గమును కోరియుందురో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

బాల్యమున మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చదువుకొనిరి. అచటనే మొదటిసారి నాటకమున వేషము ధరించిరి. పిదప ఏలూరు, విశాఖపట్టణము, కాకినాడలలో విద్యాభ్యాసము సాగించి బి. యస్సీ. పట్టమును పొందిరి. ఆ కాలమున మన కుటుంబములలో శాస్త్ర పట్టభద్రులు అరుదు. పట్టము చేతికి వచ్చిన యువకునకు ఉద్యోగము, దాని వెనుక వివాహము, దాని వెనుక గృహము అను క్రమము ముందే సిద్ధమై యుండెడిది.

అయితే కాకినాడ యానాడు కేవలము విద్యాపట్టణము గాదు. నాటకముల పట్టణము కూడ. అచటి యంగ్ మెన్స్ హేపీ క్లబ్బు తెనుగు రంగస్థలమునకు, పిదప చలనచిత్ర రంగమునకు ననేకులను సిద్ధపఱచిన సంస్థ. అంజలీదేవి గారు, ఆదినారాయణరావు గారు, రేలంగి వేంకటరామయ్య గారు ఆ పరిసరములందే కళాభ్యాసము చేసినవారు. రంగారావు గారి నటనకు పునాది అచటనే పడినది. తెనుగు నాటకములతోపాటు షేక్స్పియరు మహాకవి నాటకములలోని పాత్రలను గూడ వారు ఆంగ్లమున నభినయించిరి. ఇది గమనింపదగిన విషయము. పద్యనాటకము వారికి గంభీరమైన కంఠమును, నిలుకడను ఇచ్చినది. దుష్టుడైన పాత్రకును ఒక మనస్సుండునని, ఆ మనస్సులో నొక తర్కముండునని ఆంగ్ల నాటకము నేర్పినది. ఈ రెండు విద్యలును తరువాతి వారి పాత్రలన్నిటను కలిసి కనబడును.

ఉద్యోగమా? నాటకమా?

చదువు ముగిసిన పిదప రంగారావు గారు అగ్నిమాపక శాఖలో నధికారియై బందరు, విజయనగరములలో పనిచేసిరి. స్థిరమైన కొలువు, నెలనెల జీతము, సంఘమున మర్యాద లభించినవి. వానిని విడిచి నాటకముల వెంట బోవుట యన నేమో నేటి యువకులకు బోధపడదు.

ఆ దినములలో నటవృత్తి గౌరవ కుటుంబములకు తగినది కాదను అభిప్రాయము దేశమంతట బలముగ నుండెను. నాటకమును మెచ్చి ఈలలు వేసినవారే మఱునాడు నటుని తమ యింటి అరుగుపై కూర్చుండనిచ్చుటకు సందేహించెడివారు. న్యాయవాదియై, విద్యాధికుడై యుండియు రంగమెక్కిన బళ్ళారి రాఘవ గారి వంటి మహనీయులు ఈ అభిప్రాయముతో జీవితాంతము పోరాడవలసి వచ్చినది. అట్టి కాలమున బి. యస్సీ. పట్టమును, సర్కారు ఉద్యోగమును గల యువకుడొకడు వానిని ప్రక్కకు పెట్టి నటుడగుదునని బయలుదేఱుట సాహసమే.

ప్రథమ పరాజయము

సాహసమునకు వెంటనే ఫలము లభింపలేదు. బంధువులైన బి. వి. రామానందము గారు పెద్దన గారి ‘మనుచరిత్ర’ కథను ‘వరూధిని’ యను చిత్రముగ దీసి అందు రంగారావు గారికి ప్రవరుని పాత్ర నిచ్చిరి. 1946-47 ప్రాంతమున వెలువడిన ఆ చిత్రము జనాదరణమును పొందలేదు. నాయకునిగ ప్రవేశించిన నటునకు తొలి చిత్రమే యిట్లగుట మిక్కిలి కష్టము. పరిశ్రమలో నపజయము ఎవరి దోషమైనను, తెరపై కనబడిన ముఖమునకే యంటుకొనును. మఱల పిలుపు రాలేదు.

రంగారావు గారు మద్రాసును విడిచి జంషెడ్‌పూరునకు బోయి, టాటా వారి కర్మాగారమున లెక్కల విభాగములో నుద్యోగమున చేరిరి. 1947 సం॥న వివాహము జరిగినది. లోకము దృష్టిలో కథ ముగిసినది. పిల్లవాడు కొంతకాలము దారి తప్పి, మరల దారికి వచ్చినాడని పెద్దలు నిట్టూర్చి యుందురు. కాని జంషెడ్‌పూరులోని ఆంధ్రుల నాటకములలో వారు వేషములు వేయుచునే యుండిరి. ఇనుము కరగు ఆ యూరిలో గూడ వారి యభిలాష చల్లాఱలేదు.

పునరాగమనము

బి. ఏ. సుబ్బారావు గారు తమ ‘పల్లెటూరిపిల్ల’ చిత్రమున ప్రతినాయక పాత్రకు రంగారావు గారిని పిలిచిరి. ఇదియే రెండవ యవకాశము. సరిగ ఆ సమయముననే తండ్రిగారు పరమపదించిరి. కర్మకాండ ముగించుకొని మద్రాసు చేరునప్పటికి ఆ పాత్ర మఱియొక నటునకు దక్కినది. ఎవరిని నిందింపగలము? చిత్రము ఒకరి కొఱకు ఆగదు. రంగారావు గారు మానాభిమానముల పేర తిరిగి రైలెక్కలేదు; అందొక చిన్న పాత్రను స్వీకరించిరి. 1949 సం॥న వచ్చిన ‘మనదేశము’నందును వారిది చిన్న వేషమే. ఒకప్పుడు నాయకుడైనవాడు చిన్న వేషమున కంగీకరించుట ఓటమి గాదు, పనియందలి గౌరవమని వారి చరిత్రము చెప్పుచున్నది.

1950 సం॥న విజయా వారి ప్రథమ చిత్రమైన ‘షావుకారు’ వెలువడినది. ఎల్. వి. ప్రసాదు గారి దర్శకత్వమున వచ్చిన ఆ చిత్రమున రంగారావు గారు సున్నము రంగడను పల్లెటూరి రౌడీగ నటించిరి. ఆ పాత్రయందు కిరీటము లేదు, గద లేదు, పద్యము లేదు. మన గ్రామములలో సంతనాడు ఎదురుపడు మనుష్యుడే తెరపై నడచివచ్చెను. చక్రపాణి, నాగిరెడ్డి గార్లు ఈ నటుని విలువను గుర్తించిరి.

నేపాళ మాంత్రికుడు

మఱుసటి సంవత్సరము, అనగా 1951 సం॥న, కె. వి. రెడ్డి గారి ‘పాతాళభైరవి’ విడుదలయ్యెను. అందలి నేపాళ మాంత్రికుని పాత్రతో రంగారావు గారి పేరు తెనుగుదేశమున నింటింట వినబడినది. పింగళి నాగేంద్రరావు గారు కూర్చిన మాటలలో ‘డింభకా’ యను పిలుపు చిన్నపిల్లల యాటలలో చేరిపోయినది. అప్పటికి వారి వయస్సు ముప్పదిరెండు సంవత్సరములు మాత్రమే.

ఆ పాత్రను కొంచెము పరిశీలింతము. మాంత్రికుడన రంగస్థలమున కేకలు వేయుట, కనుగ్రుడ్లు త్రిప్పుట అలవాటు. రంగారావు గారు ఆ మార్గమును విడిచిరి. వారి మాంత్రికుడు శిష్యునితో లాలనగ మాటలాడును. తోట రామునికి ఆశ జూపునప్పుడు అతని కంఠమున తేనె చినుకును. ఆ తేనె వెనుక కత్తి గలదని ప్రేక్షకునకు మాత్రమే తెలియును. భయము కేకలో లేదు, మెల్లని మాటలో గలదని వారు గ్రహించిరి. నాటకశాలలో కడపటి వరుసవానికి వినబడవలెనని కంఠమును పెంచు విద్య వేఱు, కెమేరా ముఖమునకు దగ్గఱగ నిలిచినప్పుడు దానిని దించు విద్య వేఱు. రంగస్థలము నుండి వచ్చిన నటులలో పెక్కురు ఈ రెండవ విద్యను ఆలస్యముగ నేర్చిరి, కొందఱు నేర్వనే లేదు. రంగారావు గారు తొలినాళ్ళలోనే దానిని వశపఱచుకొనిరి.

పౌరాణిక పాత్రలు

రంగారావు గారిని తలచినంతనే జనుల మనస్సున పౌరాణిక ప్రతినాయకులు మెదలుదురు. 1958 సం॥న ‘చెంచులక్ష్మి’యందును, 1967 సం॥న ఏవీయం వారి ‘భక్త ప్రహ్లాద’యందును హిరణ్యకశిపుడు, 1959 సం॥న ‘శ్రీకృష్ణలీలలు’నందు కంసుడు, 1960 సం॥న ‘దీపావళి’యందు నరకాసురుడు, 1963 సం॥న ‘నర్తనశాల’యందు కీచకుడు, 1965 సం॥న ‘పాండవవనవాసము’నందు దుర్యోధనుడు, ‘సంపూర్ణ రామాయణము’నందు రావణుడు. ఈ పట్టికను చూచినవాడు ఒకే వేషమును ఏడుసార్లు వేసిరని తలంపవచ్చును. అది పొరపాటు.

వారి హిరణ్యకశిపుడు రాక్షసరాజు మాత్రమే గాదు, తండ్రి. కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని ముద్దాడు చేతులే అతనిని శిక్షింప నాజ్ఞాపించును. ఆ యాజ్ఞ నిచ్చునప్పుడు అతని హృదయమున రెండు భాగములు పెనుగులాడుట మనకు కనబడును. విశేషమేమన, ఆ చిత్రమున లీలావతిగ నటించినవారు కాకినాడ రంగస్థలమున నాడిన అంజలీదేవి గారే. అచట నాటకములాడిన యిరువురు ఏండ్లు గడచిన పిమ్మట రాజదంపతులై తెరపై నిలిచిరి.

కీచకుని పాత్ర వేఱొక తీరు. అతడు బలవంతుడు, రాజు బావమఱది, తన కెదురు లేదని యెఱిగినవాడు. అట్టివాడు కేకలు వేయవలసిన పని యేమి? కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వమున రంగారావు గారు ఆ కామాంధుని కోపముకంటె ధీమా ద్వారా చూపిరి. నడకలో మదము, చూపులో నిశ్చయము, చిఱునవ్వులో నితరుల యెడ నిర్లక్ష్యము. సైరంధ్రి భయము మనకు సత్యముగ తోచుటకు కారణము ఈ కీచకుడు నిజమైన మనుష్యుడుగ కనబడుటయే. 1964 సం॥న ఇండోనీసియా రాజధానియగు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఈ పాత్రకు వారు ఉత్తమ నటులుగ బహుమానింపబడిరి. ఆ చిత్రమునకే కళాదర్శకులు టి. వి. యస్. శర్మ గారును బహుమతి నందిరి. తెనుగు రాని దేశమువారు తెనుగు కీచకుని మెచ్చిరనగా, వారు మెచ్చినది మాటలను గాదు, మనుష్యుని.

ఇక ఘటోత్కచుడు. 1957 సం॥న వచ్చిన ‘మాయాబజారు’ను చూడని తెనుగు కుటుంబము అరుదు. రాక్షసుడన్నచో భయంకరుడు కావలెను; కాని యీ రాక్షసుడు పసివాడు. బలమెంతయో అమాయకత మంత. తల్లి మాటకు తలవంచును, పెద్దలకు ప్రణమిల్లును, విందు వంటకములను జూచి పసిపిల్లవానివలె మురియును. మాధవపెద్ది సత్యము గారి గానమును, రంగారావు గారి యభినయమును ఆ విందు ఘట్టమున ఎంతగ నేకమైనవనగా, పాడినది తెరపైనున్న యాయనయే యని జనులు నమ్మిరి. పింగళి వారు సృజించిన ‘వీరతాడు’, ‘అసమదీయులు’ వంటి మాటలు ఆ రాక్షసలోకము నుండి మన గృహములకు నడచివచ్చినవి.

ఇచట నొక సూక్ష్మమును గమనింప వేడెదను. ఆ కథలో ఘటోత్కచుడు శశిరేఖ రూపమును దాల్చి ద్వారకలో తిరుగును. అప్పుడు తెరపై నున్నది సావిత్రి గారు. కాని మనము చూచునది ఘటోత్కచునే. కోమలాంగి శరీరమున ఆ గంభీరపు నడకయు, ఆ తల యెగురవేతయు, ఆ దర్పమును కనబడినంతనే పిల్లవాడైన గుర్తుపట్టును. ఒక నటుడు తన పాత్రకు ఎంత స్పష్టమైన రూపురేఖ లిచ్చినచో మఱియొక మహానటి దానిని ధరింపగలదు! ఇది సావిత్రి గారి ప్రతిభకును, రంగారావు గారి ప్రతిభకును ఏకకాలమున లభించిన నిదర్శనము.

ప్రతినాయకుడుగ పేరు వడసినవాడు ఇతరము చేయజాలడను మాట వారియందు చెల్లలేదు. 1956 సం॥న వారే సత్యహరిశ్చంద్రుడు. 1955 సం॥న ‘అనార్కలి’యందు వారే అక్బరు పాదుషా. 1960 సం॥న ‘మహాకవి కాళిదాసు’నందు వారే భోజరాజు. 1964 సం॥న ‘బొబ్బిలియుద్ధము’నందు వారే తాండ్ర పాపారాయుడు. ఆ పాపారాయుని జూచి మన పల్లెలలో వృద్ధులు లేచి నిలుచుండిరని చెప్పినను నమ్మదగియుండును. అంతటి వీరగాంభీర్యమును వారు ఆ పాత్రకు కూర్చిరి.

సాంఘిక పాత్రలు

కిరీటము నటునకు సగము బలము నిచ్చును. కిరీటము తీసివేసినప్పుడే నటుని నిజమైన బలము తెలియును. 1952 సం॥న ‘పెళ్ళిచేసిచూడు’నందు ధూపాటి వియ్యన్నగ వారు హాస్యమును పండించిరి. 1955 సం॥న ‘మిస్సమ్మ’యందు తప్పిపోయిన కుమార్తెను మఱువని జమీందారు. ఆ పాత్రయందు సంపదయు, మంచితనమును, లోలోపలి వ్యథయు పెనవైచికొని యుండును.

ఆ యేడే వచ్చిన బి. యన్. రెడ్డి గారి ‘బంగారుపాప’ నాకు వారి సాంఘిక పాత్రలన్నిటిలో శిఖరముగ తోచును. ఆంగ్ల నవలాకర్త్రి జార్జి ఇలియట్టు రచించిన ‘సైలాస్ మార్నరు’ కథ దానికి మూలము. పాలగుమ్మి పద్మరాజు గారు దానికి తెనుగు రూపము నిచ్చిరి. లోకముపై కసి పెంచుకొనిన కోటయ్య అనాథ శిశువును చేరదీసి, ఆ శిశువు చేతనే తాను మనుష్యుడగుట అందలి కథ. మోటువాని చేతులు పసిపాపను ఎత్తుకొనునప్పుడు చూపు తొట్రుపాటును గమనింపుడు. ఆ చేతులే మాంత్రికుని చేతులు, కీచకుని చేతులు. అచట భయము కలిగించినవి, ఇచట కన్నీరు తెప్పించినవి.

1962 సం॥న వచ్చిన ‘గుండమ్మకథ’యందు వారు రామారావు, నాగేశ్వరరావు గార్లకు తండ్రి. వాస్తవమున ఆ కుమారులకును, ఈ తండ్రికిని వయోభేదము ఇంచుమించు అయిదేండ్లు మాత్రమే. నలువదిమూడేండ్ల వయస్సున నాయకుల తండ్రియగుట కెందఱు నటులు సమ్మతింతురు? తాను అందగాడుగ కనబడవలెనను కోరిక నటునకు సహజము. రంగారావు గారు ఆ కోరికను పాత్రకు ధారపోసిరి. నెఱసిన జుట్టు, వంగిన భుజము, తగ్గిన స్వరము, వీనిని ధరించుటకు వారు వెనుదీయలేదు. దానివలన తెనుగు చిత్రములలో తండ్రి, తాత, జమీందారు అనునవి గోడకు తగిలించిన బొమ్మలు గాక ప్రాణముగల పాత్రలైనవి.

ఇతర భాషలు – దర్శకత్వము – రచన

బాల్యమున మద్రాసులో చదివినందున తమిళము వారికి పరాయి భాష కాలేదు. విజయా వారి చిత్రముల తమిళ రూపములయందే గాక, 1960 సం॥న శివాజీ గణేశన్ గారితో ‘పడిక్కాద మేదై’, 1963 సం॥న ‘నానుమ్ ఒరు పెణ్’ వంటి చిత్రములయందు నటించి తమిళుల యభిమానమును చూఱగొనిరి. నేటికిని తమిళ వృద్ధులు వారిని తమ నటునిగనే తలంతురు.

1967 సం॥న ‘చదరంగము’, 1968 సం॥న ‘బాంధవ్యాలు’ చిత్రములకు వారు స్వయముగ దర్శకత్వము వహించిరి. రెండవది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారి నంది బహుమానమును పొందినది. తీరిక వేళల కథలు వ్రాసి పత్రికలకు పంపెడివారనియు, ఆ కథలు పిదప గ్రంథరూపమున వెలువడినవనియు చాలమందికి తెలియదు.

1974 సం॥ ఫిబ్రవరిలో వారికి గుండెపోటు వచ్చినది. కోలుకొని మరల వేషము కట్టిరి. కాని ఆ సంవత్సరము జూలై 18వ తేదీన మద్రాసున ఏబదియాఱవ యేట పరమపదించిరి. మరణానంతరము 1975 సం॥న వెలువడిన ‘యశోదకృష్ణ’యందు వారిని కంసునిగ జనులు చివరిసారి దర్శించిరి. పద్మబిరుదము వారికి జీవితకాలమున లభింపలేదు. 2013 సం॥న భారతీయ చలనచిత్ర శతాబ్ది సందర్భమున తపాలా శాఖవారు వారి ముఖచిత్రముతో బిళ్ళను ప్రకటించిరి.

మన కర్తవ్యము

ఇంతవఱకు చరిత్రము. ఇక ప్రశ్న.

ప్రభుత్వము వారికి తగిన బిరుదము నీయలేదని మన సభలలో ఏటేట వక్తలు వగచుచుందురు. ఆ వగపు న్యాయమే. కాని బిరుదము నీయని ప్రభుత్వమును నిందించు ముందు మనల మనము ప్రశ్నించుకొందము. ‘వరూధిని’ విఫలమై, చేత పని లేక మద్రాసు విడిచిన యువకునకు మన సంఘ మేమి చేసినది? నాటకమాడు పట్టభద్రుని జూచి మన పెద్దలు గర్వించిరా, లేక తల వంచుకొనిరా? ఈ ప్రశ్నలకు సమాధానము మీ హృదయములకే విడుచుచున్నాను. కీర్తి వచ్చిన పిదప మనవాడనుట సులభము. రాని దినముల మనవాడనుటయే బంధుత్వము.

మఱియొక మాటయు నున్నది. ఇది కొందఱకు రుచింపకపోవచ్చును. రంగారావు గారిని రంగారావు గారిగ చేసినవారు ఎవరు? అవకాశమిచ్చిన సుబ్బారావు గారు, ప్రసాదు గారు, కె. వి. రెడ్డి, బి. యన్. రెడ్డి గార్లు; నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు; మాటలు కూర్చిన పింగళి వారు; పాడిన మాధవపెద్ది వారు; ఎదుట నిలిచి నటించిన సావిత్రి, అంజలీదేవి గార్లు; ఆ ముఖమును వెలుగునీడలలో చిత్రించిన మార్కస్ బార్ట్‌లే గారు. వీరు ఒక కులమువారు గారు, ఒక మతమువారు గారు, ఒక భాషవారు కూడ గారు. ఒక పాత్రను పండించుట కిన్ని యిండ్ల చేతులు కలిసినవి. కావున ఆయన మనవాడనునప్పుడు, మనవాడు మాత్రమే యని యర్థము కారాదు. మన యింట వెలిగిన దీపము వీథియందఱకును వెలుగిచ్చెనని చెప్పికొనుట గౌరవము. వీథి దీపమును మన యింటిలోనికి తెచ్చి తలుపు వేసికొనుట గౌరవము గాదు.

అట్లయిన మనకు మిగిలిన కర్తవ్యమేమి? సభవారి యాలోచనకు మూడు విషయములను నివేదించుచున్నాను.

మొదటిది: మన విద్యార్థి వేతనములు నేటికిని వైద్యము, యంత్రశాస్త్రము, న్యాయము అను చదువులకే పరిమితమై యున్నవి. నాటకము, సంగీతము, చిత్రలేఖనము, చలనచిత్ర విద్య నభ్యసించు బాలబాలికలకు ఏటేట ఒక్కటియైనను రంగారావు గారి పేర వేతనము నేర్పఱుప వలెను. అందు బాలికలకు సమానమైన భాగముండవలెను. దాతలు తలచినచో ఇది పెద్ద పని కాదు. వివాహ మండపముల పూలకు వెచ్చించు సొమ్ములో నొక భాగము చాలును.

రెండవది: నాటి నాటకముల కరపత్రములు, ఛాయాచిత్రములు, చిత్రశాలల పాటల పుస్తకములు నేటికిని మన యిండ్ల భోషాణములలో శిథిలమగుచున్నవి. తొలినాటి చిత్రముల ప్రతులెన్నియో ఇదివఱకే నశించినవి. కాకినాడ, బందరు, విజయనగరము, ఏలూరులలోని కుటుంబములవారు తమవద్ద నున్న వానిని సంఘమున కప్పగించినచో, వానిని భద్రపఱచి గ్రంథాలయమునకో విశ్వవిద్యాలయమునకో చేర్పవచ్చును. జ్ఞాపకము నమ్మదగినది కాదు, కాగితమే సాక్ష్యము.

మూడవది ధనముతో పనిలేనిది, అందుచేత కఠినమైనది. మన యింటి బాలుడో బాలికయో రంగమెక్కెదననినప్పుడు మనము మొదట పలుకు మాట మాఱవలెను. అందఱును రంగారావులు కారు. పెక్కురు విఫలులగుదురు. రంగారావు గారు కూడ మొదట విఫలులే. విఫలుడై యింటికి వచ్చినవానికి అన్నము పెట్టి, మరల పొమ్మని దారిబత్తెము కట్టి యిచ్చు సంఘమే కళాకారులను కనును. తక్కిన సంఘములు కళాకారులకు విగ్రహములను మాత్రమే కట్టును.

ఈ మహాసభ ముగిసి మనము మన యూళ్ళకు తిరిగిపోయిన పిదప, ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండి ‘మాయాబజారు’నో ‘బంగారుపాప’నో చూడుడు. ఆ ముఖమును వారికి చూపి, ఈయన మనవాడని చెప్పుడు. వెంటనే, ఈయన అందఱవాడని కూడ చెప్పుడు. పిల్లలు రెండు మాటలను కలిపి నేర్చుకొందురు గాక.

శుభం భూయాత్.